టెక్ సందేహాలు: జాబితాలో పేరుంది, వైఫై మాత్రం ఎక్కదు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే గూటివి. రౌటర్‌లో ఏ పరికరాన్ని రానివ్వాలో రాసుకునే ‘యాక్సెస్ కంట్రోల్’ అని ఒక పేజీ ఉందని సిక్కోలు నుంచి విజయనగరం దాకా అందరికీ ఒకేసారి తెలిసినట్టుంది. ఆ వెనకే తంటాలూ మొదలయ్యాయి.

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా వైఫై పాస్‌వర్డ్ వీధిలో కుర్రాళ్లందరి దగ్గరా ఉందని తెలిసి, రౌటర్‌లో అలౌ లిస్ట్ పెట్టి మా ఇంటి ఫోన్లు, ల్యాప్‌టాప్ మాత్రమే రాశాను. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత మా అమ్మాయి ఐఫోన్ ఎక్కడం మానేసింది. మా ఆవిడ ఆండ్రాయిడ్ ఫోన్ స్లో అయిపోయిందని మొత్తం రీసెట్ చేయించాం, అప్పట్నుంచి అదీ ఎక్కడం లేదు. కొత్త టీవీకి మ్యాక్ అడ్రస్ చూసి మరీ రాశాను, దానికీ పట్టట్లేదు. లిస్టులో మాత్రం అన్ని పేర్లూ ఉన్నాయి. రౌటర్ పోయిందంటారా? ఏటి చెయ్యమంటారు?

జవాబు: రౌటర్‌కి ఏమీ కాలేదండీ. మీరు రాసింది రాసినట్టు పాటిస్తోంది. మారిపోయింది మీ వాళ్ల ఫోన్ల అడ్రస్‌లు.

‘అమ్మాయి ఫోన్’ అని మీరు పక్కన రాసుకున్న పేరు మీ గుర్తు కోసమే, రౌటర్ దాన్ని చూడదు. అది చూసేది మ్యాక్ అడ్రస్ ఒక్కటే. రెండేసి చొప్పున ఆరు జతలుగా రాసే 12 అంకెలు, అక్షరాల వరస అది. ఒకప్పుడు పరికరం తయారైనప్పుడు ఏ అడ్రస్ పడితే చివరిదాకా అదే. ఆ అడ్రస్‌ని పట్టుకుని ఫలానా ఫోన్ ఏ షాపులో ఎంతసేపు తిరిగిందో ఆరా తీసే వ్యాపారాలు పుట్టాక ఫోన్ల వాళ్లు దాన్ని దాచడం మొదలెట్టారు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్ ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తోంది.

ఏది అసలో ఏది ఉత్తుత్తో తేల్చడం సులువే. మొదటి జతలో రెండోది చూడండి. అక్కడ 2, 6, ఏ, ఈ లలో ఏదైనా ఉంటే ఆ అడ్రస్ ఫోన్ తనంతట తాను పుట్టించుకున్నదని అర్థం. ‘డీఏ’తో మొదలైతే ఉత్తుత్తిది, ‘డీ8’తో మొదలైతే కంపెనీ ఇచ్చింది.

ఇప్పుడు మీ మూడు పరికరాల సంగతి. ‘రెండు వారాలు బాగానే నడిచింది’ అన్నారు చూడండి, ఐఫోన్ గుట్టు అక్కడే ఉంది. ఐఓఎస్ 18 నుంచి ప్రైవేట్ వైఫై అడ్రస్ అనే సెట్టింగ్‌లో ఆఫ్, ఫిక్స్‌డ్, రొటేటింగ్ అని మూడు ఉంటాయి. రొటేటింగ్‌లో ఉంటే సుమారు రెండు వారాలకోసారి అడ్రస్ మారిపోతుంది. మామూలుగా ఇంటి వైఫైకి ఫోన్ ఫిక్స్‌డ్‌నే ఎంచుకుంటుంది. సెక్యూరిటీ బలహీనంగా ఉందనిపించిన నెట్‌వర్క్‌కి మాత్రం రొటేటింగ్ పెట్టేస్తుంది. అమ్మాయి తనే మార్చి ఉండకపోతే, మీ రౌటర్ ఇంకా డబ్ల్యూపీఏ అనే పాత వైఫై భద్రతా పద్ధతిలోనే ఉందని నా అనుమానం. ముందు వైర్‌లెస్ సెక్యూరిటీ పేజీకి వెళ్లి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానీ, ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. ఆ తర్వాత ఐఫోన్‌లో మీ వైఫై పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కి ఫిక్స్‌డ్‌కి మార్చండి.

మీ ఆవిడ ఫోన్‌ది వేరే కథ. ఆండ్రాయిడ్ ఒక వైఫైకి ఒకసారి పుట్టించిన అడ్రస్‌ని మామూలుగా అలాగే ఉంచుకుంటుంది. ఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలెడితే మాత్రం అడ్రస్ కూడా కొత్తదే పుడుతుంది. మీ లిస్టులో ఉన్నది చెరిగిపోయిన పాతది. పాతది తీసేసి కొత్తది రాయడమో, ఆ వైఫై సెట్టింగ్స్‌లో ప్రైవసీ దగ్గర ‘డివైస్ మ్యాక్’ లేదా ‘ఫోన్ మ్యాక్’ ఎంచుకుని దాన్నే రాయడమో చేయాలి. మీ ఇంటి వరకూ రెండోదే మేలు. ఇంకో చిక్కు కూడా ఉంది. మీ రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు చూపిస్తుంటే, ఉత్తుత్తి అడ్రస్ ఆ రెండింటికీ వేరువేరుగా ఉంటుంది. హాల్లో ఎక్కిన ఫోన్ వంటింట్లో ఎక్కకపోతే ముందు ఇదే చూడండి.

ఇక టీవీ. వైర్‌కి ఒకటి, వైఫైకి ఒకటి, టీవీకి మ్యాక్ అడ్రస్‌లు రెండు. ‘ఈథర్‌నెట్’ అని ఉన్నదాన్ని రాసి ఉంటారు. ల్యాప్‌టాప్ కూడా అంతే.

అసలు ఈ అడ్రస్‌లని ఫోన్‌లో చూసి, స్టిక్కర్ మీద చూసి చేత్తో కొట్టకండి. 8కీ బీకీ, 0కీ డీకీ తేడా తెలియక సగం మంది అక్కడే పడతారు. ఓ అనే అక్షరమైతే అందులో ఉండనే ఉండదు, ఏ నుంచి ఎఫ్ దాకానే. కాసేపు లిస్ట్ ఆపేసి పరికరాలన్నీ ఎక్కించండి. రౌటర్‌లో ‘కనెక్టెడ్ డివైసెస్’ అనే చోట దానికి కనిపిస్తున్న అడ్రస్‌లే వరసగా ఉంటాయి. అక్కడి నుంచి ఎంచుకుని లిస్టులోకి ఎక్కించి, సేవ్ నొక్కి, అప్పుడు లిస్ట్ ఆన్ చేయండి. కొన్ని రౌటర్లలో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకి రెండు లిస్టులు విడిగా ఉంటాయి, రెండింట్లోనూ రాయాలి. అడ్డగించే తీరు కూడా అన్ని రౌటర్లకీ ఒకటి కాదు. కొన్ని అసలు ఎక్కనివ్వవు, ఫోన్ పాస్‌వర్డ్ తప్పన్నట్టు మాట్లాడుతుంది. కొన్ని ఎక్కనిచ్చి ఇంటర్నెట్ ఇవ్వవు. పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టి విసుగెత్తే బదులు ముందు లిస్ట్ చూడటం మంచిది.

ఇదంతా చేశాక కూడా వీధి కుర్రాళ్ల బెడద పోతుందా అంటే, పోదు. ఆ లిస్ట్ బళ్లో హాజరు పట్టీ లాంటిది. పిలిచిన పేరుకి ఎవరు ‘ప్రెజెంట్ సార్’ అన్నా టిక్కు పడిపోతుంది. వైఫైలో మీరు పంపే సమాచారానికి పాస్‌వర్డ్ ముసుగు వేస్తుంది కానీ, పంపిన పరికరం అడ్రస్ మాత్రం గాల్లో బాహాటంగానే వెళ్తుంది. దాన్ని చూసి తన ల్యాప్‌టాప్‌కి అదే తగిలించుకోవడం తెలిసిన కుర్రాడికి అయిదు నిమిషాల పని. పాస్‌వర్డ్ కూడా చేతిలో ఉందంటే ఇక అడ్డేముంది? కాబట్టి మార్చాల్సింది పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కి పరికరాన్ని ఎక్కించే డబ్ల్యూపీఎస్ అనే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. రౌటర్ అడ్మిన్ పేజీ పాస్‌వర్డ్ ఇంకా ‘అడ్మిన్’ అనే ఉంటే అదీ మార్చండి. పాస్‌వర్డ్ వీధికెలా పాకిందో కూడా చెబుతాను. ఇప్పటి ఫోన్లలో వైఫై షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, అందులో ఉండేది మీ పాస్‌వర్డే. ఒక్కడికి చూపిస్తే వాడు ఇంకొకడికి చూపిస్తాడు. అడిగితే కాదనలేని వాళ్ల కోసం గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డ్ అప్పుడప్పుడూ మార్చుకోండి. ఇవన్నీ చేశాక అలౌ లిస్ట్ ఉంచుకోవాలా అంటే, నేనైతే తీసేస్తాను. చుట్టాలొచ్చిన ప్రతిసారీ రౌటర్ పేజీ తెరవడం ఎవరికి సరదా?

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో అలౌ లిస్ట్ ఆన్ చేసి సేవ్ కొట్టాను. లిస్టులో ఇంకా ఏమీ రాయలేదు. అంతే, ల్యాప్‌టాప్‌తో సహా అన్నీ ఊడిపోయాయి. రౌటర్ సెట్టింగ్స్ పేజీ 192.168.1.1 కూడా తెరుచుకోవడం లేదు.

జవాబు: ఖాళీ లిస్టుని ఆన్ చేస్తే చాలా రౌటర్లకి ‘ఎవర్నీ రానివ్వకు’ అని అర్థం. భయపడాల్సిన పని లేదు. ఈ అడ్డు సాధారణంగా వైఫైకే, వైర్‌కి ఉండదు. రౌటర్ వెనక ల్యాన్ అని రాసున్న రంధ్రాల్లో ఒకదానికీ ల్యాప్‌టాప్‌కీ కేబుల్ పెట్టి, వైఫై ఆపేసి, అదే పేజీ తెరవండి. సన్న ల్యాప్‌టాప్ అయి ల్యాన్ రంధ్రం లేకపోతే యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కి మార్చే అడాప్టర్ దొరుకుతుంది, ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

ఏదీ కుదరకపోతే వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ నొక్కడం ఆఖరి మార్గం. ఆ పిన్ను తీసుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. మీది దుకాణంలో కొన్న రౌటర్ అయితే ఫరవాలేదు. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన డబ్బా అయితే, రీసెట్‌తో మీ లిస్టుతో పాటు ఇంటర్నెట్‌కి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఆ లైనుకి కంపెనీ పెట్టిన వీల్యాన్ నంబర్ కూడా పోవచ్చు. వైఫై వస్తుంది, నెట్ రాదు. శనివారం సాయంత్రం ఆ పని చేస్తే సోమవారం దాకా కేబుల్ కుర్రాడి కోసం ఎదురుచూడటమే. అందుకని ముందే ఫోన్ చేసి ఆ వివరాలు రాయించుకోండి. చాలామంది ఆపరేటర్లు ఆఫీసులో కూర్చునే మీ డబ్బా సెట్టింగ్స్ మార్చగలరు కూడా, ఆ అలౌ లిస్ట్ తీసేయమంటే పని అక్కడే అయిపోవచ్చు. అన్నట్టు, మీరు మార్చిన సెట్టింగ్స్ ఎప్పుడైనా వాటంతటవే మాయమైతే, దానికీ కారణం అటు నుంచి వచ్చే అప్‌డేట్ అయ్యే అవకాశం ఉంది.

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఆఫీసు గదిలో రౌటర్, పిక్కల గోడౌన్‌లో ఆ సిగ్నల్‌ని అందుకుని ఇంకా దూరం పంపే వైఫై ఎక్స్‌టెండర్, దాని మీద నాలుగు కెమెరాలు. గోడౌన్‌లో ఒకాయన పని వదిలేసి ఎప్పుడూ వీడియోలు చూస్తున్నాడని ఆయన ఫోన్‌ని బ్లాక్ చేశాను. వెంటనే నాలుగు కెమెరాలూ ఆగిపోయాయి. ఆయనే ఏమైనా చేశాడా?

జవాబు: పాపం, ఆయన ఏమీ చేయలేదు. చాలా ఎక్స్‌టెండర్లు తమ వెనకున్న పరికరాల అడ్రస్‌లని రౌటర్‌కి ఉన్నవున్నట్టు చూపించవు, అన్నింటికీ తమ అడ్రస్సే తగిలిస్తాయి. మీరు ‘ఫోన్’ అనుకుని బ్లాక్ చేసింది ఎక్స్‌టెండర్‌ని. దాని వెనకున్న ఫోను, కెమెరాలు అన్నీ ఒకేసారి పోయాయి. లిస్టులో రెండు మూడు పేర్ల పక్కన ఒకే అడ్రస్ కనిపిస్తే ఇదే సంగతి. ఆ బ్లాక్ తీసేయండి, కెమెరాలు వాటంతటవే వస్తాయి. ఫోన్‌ని ఆపాలంటే ఎక్స్‌టెండర్ సొంత పేజీలో అలాంటి సదుపాయం ఉందేమో చూసి అక్కడ ఆపాలి.

మీ చోట నేనుంటే కెమెరాలని ఎక్స్‌టెండర్ మీద నడపను. సరుకంతా గోడౌన్‌లోనే ఉన్నప్పుడు కాపలా కళ్లని వైఫైకి వదిలేయడం ఎందుకు? ఆఫీసు నుంచి గోడౌన్‌కి కేబుల్ లాగించి, అక్కడ ఆ కేబుల్ నుంచి వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ పెట్టించండి. ల్యాన్ కేబుల్ అయితే 100 మీటర్లకి మించకూడదు. రెండు షెడ్ల మధ్య ఆరుబయట రాగి తీగ లాగితే పిడుగుల కాలంలో ఆ తీగ వెంటే రౌటర్, కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ రెండూ కాలిపోవచ్చు. మన తీరంలో పిడుగుల సంగతి మీకు నేను చెప్పాలా? రెండు భవనాల మధ్య ఫైబర్ వేయించండి, దానిలో కరెంటు పారదు. ఖర్చు కొంచెం ఎక్కువైనా, మాడిపోయిన డీవీఆర్ కన్నా తక్కువే. ఇంకొకటి, కెమెరాలు పెట్టిన వాళ్లు పోర్ట్ ఫార్వర్డింగ్ ఏమైనా, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికి వచ్చే దారి, తెరిచి వెళ్లారేమో అడగండి. తెరిచి ఉండి, కెమెరా పాస్‌వర్డ్ కూడా మార్చకపోతే మీ గోడౌన్‌ని బయటి ఊళ్ల వాళ్లు కూడా చూస్తారు.

ప్రశ్న: విజయనగరం మాది. సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలు. వాళ్లు వెళ్లాక రౌటర్ యాప్ తెరిస్తే ‘ఎస్‌ప్రెసిఫ్’ అనే పేరుతో ఏదో ఇంకా ఎక్కే ఉంది. హ్యాకరా?

జవాబు: స్మార్ట్ బల్బో, గీజర్‌కి పెట్టుకున్న వైఫై ప్లగ్గో అయ్యుంటుంది. మ్యాక్ అడ్రస్ అసలుదైతే అందులో మొదటి ఆరూ తయారీదారు గుర్తు. ఆ గుర్తులని ఐఈఈఈ అనే సంస్థ పంచిపెడుతుంది. ఎస్‌ప్రెసిఫ్ వైఫై చిప్పులు చేసే చైనా కంపెనీ, చవక స్మార్ట్ సామాన్లలో వాళ్ల చిప్పులు బాగా కనిపిస్తాయి. పెట్టె మీద ఒక బ్రాండు, లోపల చిప్పు వీళ్లది, రౌటర్ లోపలి పేరు చెబుతోంది. ఒక్కో ప్లగ్గూ పీకుతూ యాప్ చూడండి. ఏది పీకితే ఆ పేరు పోయిందో అదే. అన్నీ పీకినా పోకపోతే అప్పుడు పాస్‌వర్డ్ మార్చండి.

ప్రశ్న: చీపురుపల్లి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రాత్రి పది దాటాక వాడి ఫోన్‌కి నెట్ రాకుండా రౌటర్‌లో టైము పెట్టాం. వాడికి ఇంకా వస్తూనే ఉంది.

జవాబు: అమ్మా, వాడు ఫోన్‌లో ఒక్క మీట మార్చి ఉంటాడు. బ్లాక్ లిస్టులో ఉన్నది వాడి ఫోన్ అసలు అడ్రస్ అయితే, ‘ర్యాండమ్ మ్యాక్’ నొక్కగానే రౌటర్ కళ్లకి వాడు కొత్తవాడు. ఉత్తుత్తి అడ్రస్‌ని బ్లాక్ చేసినా అసలుదానికి మార్చుకుంటాడు. అదీ కాకపోతే సిమ్‌లో డేటా ఉండనే ఉంది, దాని మీద మీ రౌటర్‌కి ఏ అధికారమూ లేదు. ఈ పని రౌటర్‌లో కాదు, ఫోన్‌లోనే చేయాలి. గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌తో వాడి అకౌంట్‌ని మీ ఫోన్‌కి కలిపి నిద్రవేళ పెట్టండి. వైఫై అయినా సిమ్ అయినా ఆ టైముకి ఫోన్ లాకైపోతుంది, కాల్స్ మాత్రం వస్తాయి. పెట్టేటప్పుడు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, టైము పదా పదిన్నరా అన్నది వాడితో మాట్లాడి పెట్టండి. చాటుగా పెడితే దానికీ ఓ దారి వెతుకుతాడు.