అడవిలో గాజుపెంకుల గోడ

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. కార్తీక మాసంలో మా అపార్ట్‌మెంట్ వాళ్లమంతా నున్న దగ్గర తెలిసినవాళ్ల మామిడితోటలో వనభోజనాలు పెట్టుకున్నాం. దొంగల భయానికి కాబోలు, తోట చుట్టూ గాజుపెంకులు గుచ్చిన ప్రహరీ ఉంది. భోజనాలయ్యాక మా పై ఫ్లాటు ఆవిడ ఆడపడుచు ఒక ఆట ఆడించింది. కళ్లు మూసుకుని అడవిలో నడుస్తున్నట్టు ఊహించుకోవాలి. దారిలో ఒక గ్లాసు, ఆ తర్వాత ఎలుగుబంటి, నీళ్లు, చివర గోడ. ఎలా కనిపించాయో, ఏం చేశామో చెబితే మనమెలాంటి వాళ్లమో ఆవిడ చెబుతుంది. నాకు సొట్టపోయిన స్టీలు గ్లాసు కనిపించింది, తోముకోవచ్చులే అని సంచిలో వేసుకున్నాను. ఎలుగుబంటి పడుకుని ఉంది, చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనుంచి వెళ్లిపోయాను. నీళ్లలో దిగలేదు. గోడ మీద గాజుపెంకులు, అవతల ఏమీ లేదు. గ్లాసంటే ప్రేమట, ఎలుగుబంటి కష్టాలట, నీళ్లు భార్యాభర్తల సంబంధమట, గోడ చావట. నా వంతు వచ్చేసరికి అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. నాన్నగారి సంవత్సరీకం వచ్చే నెల. ఆ రోజు నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. నేను నిజంగా అలాంటి మనిషినేనా?
— పేరు వేయవద్దు, గుణదల, విజయవాడ

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి చదివేటప్పుడు గాజుపెంకుల దగ్గర ఆగాను. తోట ప్రహరీ మీద గాజుపెంకులు ఉన్నాయని మొదట్లోనే మీరే రాశారు. మీ ఊహలో కనిపించిన గోడ మీదా అవే పెంకులు! మధ్యాహ్నం తిన్న పులిహోర, కళ్లు మూసుకునే ముందు చూసిన ప్రహరీ, చివరికొచ్చేసరికి కాస్త విసుగు. వీటికి చావుతో ఏం సంబంధం? ఆ తోటకి ముళ్లకంచె ఉండుంటే మీ అడవిలోనూ ముళ్లకంచే వచ్చేదేమో.

నీళ్ల సంగతీ అంతే. గుణదలలో ఉండే మనిషిని కళ్లు మూసుకుని నీళ్లు ఊహించుకోమంటే ఏలూరు కాలువే వస్తుంది. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, ఒడ్డున బట్టలుతికే బండలు. అందులో ఎవరు దిగుతారు? పక్కన కూర్చున్నావిడ లంక గ్రామంలో పెరిగిన మనిషైతే గోదావరి ఊహించుకుని హాయిగా ఈదేసి ఉంటుంది. దాన్నిబట్టి ఆవిడ కాపురం బాగుందనీ మీది బాగాలేదనీ తేల్చేస్తే ఎలా? నవ్వినవాళ్లు మీ కాపురం చూసి నవ్వలేదు. నీళ్లకి చెప్పిన అర్థం విని, ఏం మాట్లాడాలో తెలియక నవ్వారు.

ఈ ఆటకి గౌరవమైన చుట్టం ఒకటి ఉంది. హాన్స్‌కార్ల్ లాయినర్ అనే జర్మన్ సైకియాట్రిస్టు 1950లలో ఒక చికిత్సా పద్ధతి మొదలుపెట్టారు. పేషెంటును పడుకోబెట్టి పచ్చికబయలు, వాగు, కొండ, ఇల్లు, అడవి అంచు ఒక్కొక్కటీ ఊహించుకోమనేవారు. పేషెంటు చూసింది చూసినట్టు చెబుతుంటే పక్కనే కూర్చుని ఇంకేం కనిపిస్తోంది, ఎలా అనిపిస్తోంది అని అడగడమే డాక్టరు పని. ఒక్క పూటలో అయ్యేది కాదది. వనభోజనాల్లో ఆడించే ఆటలో ఆ అడగడం పోయింది. మిగిలింది బిట్ పేపరు, దానికో కీ.

గుంటూరులో సైకాలజీ పాఠం చెప్పే రోజుల్లో నేనూ ఈ తప్పు చేశాను. క్లాసులో అడవి ఆట ఆడిస్తే ఒక అమ్మాయి తనకి అల్యూమినియం గ్లాసు కనిపించిందనీ, దానికి గొలుసు కట్టి ఉందనీ చెప్పింది. 'ప్రేమను గొలుసేసి కట్టేసుకున్నావమ్మా' అన్నాను, ఏదో పెద్ద కనిపెట్టినట్టు. క్లాసంతా చప్పట్లు. సాయంత్రం ఆ పిల్ల స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, 'మేడమ్, అది మా తాతయ్య చలివేంద్రం గ్లాసు. ఎవరూ పట్టుకుపోకుండా కుండకి గొలుసు కట్టేవాడు. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేది నేనే' అంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ నేను కీ చెప్పలేదు.

మరి విన్నప్పుడు 'అవును, అచ్చం నేనే' అని ఎందుకనిపిస్తుంది? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకి కాగితం మీద ఇచ్చారు. మీకు ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. అసలు సంగతేమిటంటే అన్ని కాగితాల మీదా ఒకటే రాసుంది, అదీ చాలావరకు ఒక జాతకాల పుస్తకంలోంచి ఎత్తి రాసింది. 'కష్టాలొస్తే ఒక్కోసారి తప్పుకుపోతారు' అంటే బెజవాడలో కాదనేదెవరు?

అయినా పడుకున్న ఎలుగుబంటిని లేపకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లడం పారిపోవడమా? నన్నడిగితే తెలివైన పని. చూశారా, నేనూ అర్థాలు చెప్పడం మొదలుపెట్టాను. ఈ జబ్బు అంత తేలిగ్గా పోదు.

నాకు నచ్చింది మాత్రం ఆ గ్లాసు. పక్కనున్నవాళ్లకి ఎలాంటి గ్లాసులు కనిపించాయో తెలియదు కానీ, సొట్టపోయినదాన్ని తోముకోవచ్చని సంచిలో వేసుకున్నది మీరు. అది ఎవరి గ్లాసు? మీ అమ్మగారింటి వంటింటి అరలోదా? అడుగున పేరు కొట్టించి ఉందా? నేను చెప్పను, మీరే ఒకసారి కళ్లు మూసుకుని తిప్పి చూడండి.

ఇంకొక మాట. ఆట గురించి ఇంత రాశారు, నాన్నగారి సంవత్సరీకం గురించి ఒక్క వాక్యం. మూడింటికి మెలకువ రావడానికి కారణం నేనైతే ముందు ఆ వాక్యంలో వెతుకుతాను. తద్దినం పనులు ఒక్కరే మీద వేసుకోకుండా తోబుట్టువులకి పంచండి. రాత్రుళ్లు నాన్నగారి కబుర్లు మీవారితో చెప్పుకోండి. సంవత్సరీకం దాటాక కూడా నిద్ర ఇలాగే ఉంటే డాక్టరుకి చూపించండి, మొహమాటపడకండి.

ప్రశ్న: మేడమ్, నాకు సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఫోన్‌లో ఈ అడవి టెస్టు పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు తల్లీ. సమాధానాలన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి, చూసుకునే వస్తాడు. అడవికి బదులు మార్చి నెలలో మీ నాన్నగారితో ఒక పూట మిర్చి యార్డుకి పంపించండి. ఆ ఎండలో, ఆ ఘాటుకి తుమ్ముతూ, బస్తా తగిలించిన హమాలీతో ఎలా మాట్లాడాడో నాన్నగారిని అడగండి.