బాపట్లలో ఫైర్‌ప్లేస్ ఎక్కడిదమ్మా?

అమ్మాయికి వందనాలు.

చదివి చెప్పమని నువ్వు పంపిన క్రైస్తవ ప్రేమకథ, నీ నవల, రెండు రాత్రులు చదివాను. మొదటి రాత్రి ముప్పై నాలుగో పేజీ దగ్గర విసుగొచ్చి మూసేశాను. క్రిస్మస్ ముందు రోజు నీ నాయిక గ్రేస్ వాళ్ళింట్లో ఫైర్‌ప్లేస్ ముందు కూర్చుని నాయకుడు డేవిడ్ బైబిలు వాక్యం చదువుతున్నాడు. బాపట్లలో ఫైర్‌ప్లేస్ ఎక్కడిదమ్మా? ఫ్యాను రెండులో పెట్టుకోవడమే మనకు చలికాలం.

అమెరికా క్రిస్టియన్ రొమాన్సులు ఫోన్లో తెగ చదివావని తెలుస్తూనే ఉంది. చదువు, వద్దనను. కానీ అక్కణ్ణుంచి తెచ్చుకోవాల్సింది పొయ్యి కాదు. కెనడా ఆవిడ జానెట్ ఓక్ 1979లో రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ చూడు. బండ్లు కట్టుకుని పడమటికి పోతుంటే దారిలోనే మార్టీ భర్త చచ్చిపోతాడు. ఆమె కడుపుతో ఉంది. అతన్ని పూడ్చిపెట్టారో లేదో, ముక్కూ మొహం తెలియని క్లార్క్ వచ్చి పెళ్ళి చేసుకుందామంటాడు. నా పాపకు తల్లి కావాలి, నీకు నీడ కావాలి, చలికాలం గడిచాక వెళ్ళిపోతానంటే దారిఖర్చు నేనే ఇస్తాను అంటాడు. ఆమె ఉంటుందా, పోతుందా? పేజీ తిప్పించేది అదే. ముందు పెళ్ళి, తర్వాత ప్రేమ. మన అమ్మమ్మలకు ఇది కొత్త కథా?

ముద్దూ ముచ్చటా తీసేశాక ప్రేమకథలో మిగిలేది అడ్డంకి ఒక్కటే. నీ నవల్లో అడ్డంకి రాగానే డేవిడ్ మోకాళ్ళూనుతాడు, పేరా మారేసరికి అది మాయం. నేనూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకునేదాన్నే. జవాబు రాకుండా నెలలు గడిచిన ప్రార్థనలు నాకున్నాయి. డేవిడ్‌కి ఒక్కటీ లేదే!

మన దగ్గర అడ్డంకులకు కరువా? ఆమె బాప్టిస్టు, అతను పెంతెకొస్తు. వాళ్ళ సంఘంలో నగలు కూడదని, చెవికమ్మలు తీసేస్తేనే కోడలంటుంది అత్తగారు. గుళ్ళో ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్ళే సంబంధం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి ‘మనలో ఏవాళ్ళు?’ అంటారు. పెళ్ళి ప్రకటన గుళ్ళో మూడు ఆదివారాలు చదువుతారు కదా, అభ్యంతరం ఉంటే చెప్పమని. అంత టెన్షన్ చేతిలో పెట్టుకుని ఒక్క వాక్యంలో దాటేశావు.

నా మొదటి సీరియల్ ఒక వారపత్రికకు పంపితే, మరియమ్మను మాధవి చేస్తే వేస్తామన్నారు. చేశాను. అచ్చయింది. మా అమ్మ చదివి, ‘ఈ పిల్ల ఆదివారం పూట గుడికెళ్ళదేమే?’ అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత మన సంఘాల పత్రిక ఒకదానికి ఇంకో కథ పంపాను. ప్రసంగం మధ్యలో అమ్మాయి ముసుగు సర్దుకుంటూ మగవాళ్ళ వైపు చూసిందని తిప్పి పంపారు. కథ మొత్తం మీద శృంగారం ఆ చూపు ఒక్కటే!

వాళ్ళు బైబిల్లో రూతు గ్రంథం చదివారో లేదో. నాలుగే అధ్యాయాలు. పొలంలో పరిగె ఏరుకునే రూతుకు ఆ పొలం ఆసామి బోయజు పేలాలు అందిస్తాడు. కడుపునిండా తిని, మిగిలినవి సాయంత్రం అత్తకు తెచ్చిస్తుంది. దాచుకోవడం బోయజు చూశాడో లేదో రాయలేదు. చూశాడనే నా నమ్మకం. ఆ తర్వాత ఒక రాత్రి కళ్ళంలోకి వెళ్ళి అతని కాళ్ళ దగ్గర పడుకుంటుంది. నీ డేవిడ్ అయితే ఈపాటికి పాస్టర్‌గారికి ఫోన్ చేసేవాడు.

మీ సంఘం యూత్‌లో ఆడపిల్లలకు ఇవ్వదగ్గ నవలల లిస్టు అడిగావు. ఓక్ పుస్తకం పద్నాలుగేళ్ళ పిల్లకైనా ఇవ్వొచ్చు. ఫ్రాన్సీన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ మాత్రం ముందు నువ్వు చదువు. దారి తప్పిన భార్యను వదలక ప్రేమించిన బైబిలు ప్రవక్త హోషేయ కథను 1850ల కాలిఫోర్నియాకు, బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లోకి తెచ్చింది. చిన్నతనంలోనే అమ్ముడుపోయిన పిల్ల బతుకు అది. అట్ట మీద క్రిస్టియన్ అని ఉంటే లోపలంతా పాలూ తేనే అనుకోకు. మిగతా ప్రశ్నలకు ఇప్పుడు ఓపిక లేదు.

రెండో రాత్రి మళ్ళీ ఎందుకు తెరిచానో చెప్పలేను గానీ, తెరిచినందుకు ఒక పేజీ దొరికింది. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు అయ్యాక గ్రేస్ స్టీలు గ్లాసులు కడుగుతుంటే డేవిడ్ మాట్లాడకుండా బోరింగు కొడుతుంటాడు. గ్లాసులు అయిపోతాయి. ఆమె కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతుంది. ఇది నువ్వు ఏ ఫోన్లోనూ చదివింది కాదు.

రాతప్రతి బస్సు పార్సిల్లో వేస్తున్నాను. ఆ పేజీ మూల మడిచాను. మూడో ఆదివారం ప్రకటన చదువుతున్నప్పుడు వెనక నుంచి ఎవరు లేచారో రాసి పంపు. ఎవరూ లేవకపోతే, గ్రేస్ ఆ కాసేపూ ఎటు చూస్తోందో రాయి.