డ్రమ్ తిరుగుతోంది, వేడి రావట్లేదు: సమాధానం

మీ బట్టలారబెట్టే డ్రయ్యర్ గంటసేపు తిరిగినా బట్టలు తడిగానే ఉంటున్నాయన్నారు కదండీ, టెన్షన్ పడకండి. అమెరికాలో కరెంటు డ్రయ్యర్ 240 వోల్టులది, కానీ మోటారుకు సాధారణంగా 120 చాలు. దాని జంట బ్రేకర్‌లో (కరెంటు బోర్డులో చెరో 120 వోల్టులిచ్చే రెండు స్విచ్‌ల జత) ఒక వైపు పోయినా డ్రమ్ తిరుగుతుంది, వేడి మాత్రం రాదు. ముందు బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ వేయండి.

అయినా రాకపోతే ప్లగ్ పీకేసి, హీటర్ ఎలిమెంట్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ (నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచే మీటర్) పెట్టండి. 10 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తే బాగున్నట్టే. ఏమీ చూపకపోతే తీగ తెగింది. ఎలిమెంట్ బాగుంటే హీటర్ డబ్బా మీది థర్మల్ కటాఫ్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేసే భాగం) చూడండి, మీటర్ సున్నా ఓమ్‌ల దగ్గర చూపాలి. అది పోయిందంటే నా అనుమానం గొట్టం మీదే. బయటికెళ్లే గొట్టంలో బట్టల నూగు పేరుకుని గాలి ఆడట్లేదేమో. అది శుభ్రం చేయకుండా కొత్త కటాఫ్ వేస్తే అదీ పోతుంది. కటాఫ్ తీసేసి వైర్లు నేరుగా కలపమని ఎవరైనా చెప్తే వినకండి, నిప్పంటుకోవచ్చు.