కలకత్తా ప్రయాణానికి చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది బరంపురం. మావారికి చిన్న బట్టల కొట్టు ఉంది. నేను ఇంట్లో అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతాను. ఈ చలికాలం పిల్లలకు (పాపకి 13, బాబుకి 7) కలకత్తా చూపించాలని, మా అత్తగారికి కాళీఘాట్, దక్షిణేశ్వరం దర్శనం చేయించాలని ఉంది. డిసెంబరు 24న బయలుదేరి నాలుగు రాత్రులు ఉందామనుకున్నాం. చేతిలో 17 వేలు ఉన్నాయి. నెలకు 5 వేలకు మించి దాచలేం. 20 నెలల లక్ష రూపాయల చీటీలో ఇప్పుడు 7వ నెల. పాడుకుంటే 78 వేలు రావచ్చు. లేదంటే ఒక యాప్ వాళ్ళు 75 వేలు ఇస్తామంటున్నారు. నెలకు 6,900 చొప్పున 12 నెలలు కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు 1,500. వడ్డీ 10.4 శాతమే అన్నారు. ఆ వాయిదా కట్టగలం. రెండింట్లో ఏది మేలు?

జవాబు: రెండూ వద్దమ్మా. ప్రయాణం మానమని అనడం లేదు. వెళ్ళండి, కానీ తేదీ మార్చుకుని, అప్పు లేకుండా వెళ్ళండి.

ముందు ఆ 10.4 శాతం సంగతి చూద్దాం. 6,900 చొప్పున 12 నెలలకు 82,800 అవుతుంది. 75 వేల మీద అదనంగా కట్టేది 7,800 కాబట్టి 10.4 శాతం అని చెప్పారు. లెక్క తప్పు కాదు, చెప్పిన తీరులోనే మెలిక ఉంది. మీరు 75 వేలూ ఏడాది పొడుగునా వాడుకోవడం లేదు కదా. నెలనెలా అసలు తీరుస్తూ వస్తారు, ఏడో వాయిదా కట్టేసరికి సగం కూడా మిగలదు. తరిగే అసలు మీద లెక్క కడితే అది దాదాపు 19 శాతం వడ్డీ. ఫీజు 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 270 కలిపితే 23 శాతం దగ్గరకు వెళ్తుంది. మొత్తం 9,570 రూపాయలు అదనం. మీ ఐదుగురికీ ఏసీ బోగీలో రానుపోను టికెట్లంత!

చీటీ అంతకన్నా ఖరీదు. 78 వేలకు పాడుకుంటే 22 వేలు వదులుకున్నట్టు. అందులోంచి చీటీ నడిపేవాళ్ళు తమ కమిషన్ తీసుకుని, మిగిలింది 20 మందికీ పంచుతారు. మీ వాటాకి తిరిగొచ్చేది వెయ్యి లోపే. కొట్టు మూతపడే పరిస్థితి వచ్చినా, ఆసుపత్రి ఖర్చు మీద పడినా చీటీ పాడుకోమని నేనే చెబుతాను. విహారానికి వద్దు. చివరి నెలల దాకా ఆగితే పాపని ఇంటర్‌లో చేర్పించే వేళకి పనికొస్తుంది.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. దాచడానికి 5 వేలే అన్నారు, వాయిదా మాత్రం 6,900 కట్టగలం అన్నారు. ఇల్లు అదే, కొట్టు అదే. ఆ 1,900 ఎక్కడినుంచి వస్తాయి? ఎవరో ఫోన్ చేసి అడిగితే వచ్చే డబ్బు, మనకి మనం అడిగితే రాదు. చాలా ఇళ్ళలో ఇంతే, మా ఇంట్లోనూ ఇంతే. అందుకే ఆ అడిగే పని బ్యాంకుకి అప్పగించండి. ఈ జూన్ 10 నుంచి ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ), నెలకు 6,900. డిసెంబరు 10కి 41,400, పైన కొంత వడ్డీ. చేతిలోని 17 వేలు కలిపితే 58,400 దాటుతుంది. పోస్టాఫీసు ఆర్డీ మాత్రం వద్దు, అది ఐదేళ్ళది. ఇంకొక మాట, మీ ఇంట్లో లక్ష్మీవారం (గురువారం) డబ్బు గడప దాటనివ్వరేమో. ఏదో ఒక నెల వాయిదా లక్ష్మీవారం పడుతుంది. అది ఖర్చు కాదు, దాపు అని అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు ఖర్చు. కలకత్తా మీకు దాదాపు 600 కిలోమీటర్లు. త్రీ టైర్ ఏసీలో మనిషికి వెయ్యి చుట్టుపక్కల, రానుపోను ఐదుగురికి 10 వేలు. రెండు గదులు, ఒక్కోటి 2,500 చొప్పున నాలుగు రాత్రులకు 20 వేలు, 5 శాతం జీఎస్టీతో 21 వేలు. తిండికి 12,500, ఊళ్ళో తిరగడానికి 6 వేలు, ప్రవేశ టికెట్లకు 3 వేలు, కొనుక్కునేవాటికి 6 వేలు. మందులకి, అనుకోనివాటికి 6,500. మొత్తం 65 వేలు. గది, తిండి నా అంచనాలు, మీరు ఫోన్ చేసి కనుక్కుని దిద్దుకోండి. బాబుకి బెర్తు లేకుండా సగం టికెట్ తీయొచ్చు, అయినా తీయకండి. ఒళ్ళో ఏడేళ్ళ పిల్లాడితో అంత దూరం వెళ్తే మిగిలిన ఐదు వందలు నడుంనొప్పికే పోతాయి. అత్తగారికి సీనియర్ రాయితీ దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. అది 2020 మార్చిలోనే ఆపేశారు. బుక్ చేసేటప్పుడు అడిగే 45 పైసల బీమాకి మాత్రం సరే అనండి.

అసలు మిగులు తేదీలో ఉంది. మీరనుకున్నది క్రిస్మస్ వారం. ఆ వారం పార్క్ స్ట్రీట్ చుట్టుపక్కల గదులు నా లెక్కకి దొరకవు, జూలో ఏనుగుల కన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు. పైగా ఈ 2026లో డిసెంబరు 24 మార్గశిర లక్ష్మీవారం. ఆ రోజు ఇల్లు వదిలి వస్తారేమో అత్తగారిని అడిగారా? ముందు వారం 17 కూడా లక్ష్మీవారమే. ఈ రెంటి మధ్యా వెళ్ళి రండి. 18 శుక్రవారం బయలుదేరి 22 మంగళవారం తిరుగు రైలు ఎక్కితే 23కల్లా ఇంట్లో ఉంటారు. 16కే నెలగంట (ధనుర్మాసం) పట్టేస్తుంది కాబట్టి పెళ్ళి ముహూర్తాలుండవు, కొట్లో బేరం పల్చగా ఉంటుంది. సంక్రాంతి బేరాలు జనవరిలో మొదలయ్యేసరికి మీవారు గల్లాపెట్టె దగ్గరే ఉంటారు. పిల్లలకి రెండు మూడు రోజులు బడి పోతుంది, ఒప్పుకుంటాను. పరీక్షలు లేవని మాత్రం చూసుకోండి. పార్క్ స్ట్రీట్ దీపాలు 25కి ముందే వెలుగుతాయి, పాపకి లోటుండదు.

ఇలా వెళ్తే హోటల్లో మూడు రాత్రులు చాలు. గదుల్లో 5,250, ఒక రోజు తిండిలో 2,500 తగ్గి 65 వేలు కాస్తా 57,250కి దిగుతుంది. మీ దగ్గర ఉండేది 58,400.

గది ఎస్‌ప్లనేడ్ దగ్గర్లో చూసుకోండి, పేరున్న హోటలే కానక్కర్లేదు. హౌరా స్టేషన్ నుంచి నది కింద వెళ్ళే మెట్రో అక్కడికే వస్తుంది. 2024లో మొదలైంది. బాబుకి అదే సగం కలకత్తా. కాళీఘాట్, దక్షిణేశ్వరం రెండూ ఎస్‌ప్లనేడ్ మీదుగా పోయే ఒకే మెట్రో లైనులో ఉన్నాయి కాబట్టి టాక్సీ ఖర్చు బాగా తగ్గుతుంది. విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం సోమవారం తెరవరు. ఆ రోజు గుళ్ళకి పెట్టుకోండి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. అంటే 18 ప్రయాణానికి అక్టోబరు 19న, తిరుగు ప్రయాణానికి 23న, పొద్దున్న 8 గంటలకల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఆర్డీ అప్పటికి చేతికి రాదు. ఆ 17 వేలు టికెట్లకి, హోటల్ అడ్వాన్సుకి అనుకుని ముట్టుకోకండి. తత్కాల్‌ని నమ్ముకుంటే ఐదుగురు ఐదు బోగీల్లో వెళ్ళాల్సి రావచ్చు.

చివరిగా మీవారితో ఒక మాట. బట్టల కొట్టు ఉన్నవారు కలకత్తా వెళ్ళి బడాబజార్ వైపు చూడకుండా రాలేరు, చూడొద్దని చెప్పను. సంక్రాంతి సరుకు ఈ ప్రయాణంలోనే తెచ్చుకుంటే ఆయన టికెట్ కొట్టు ఖాతాలో వేసుకోవచ్చు. మీవి, పిల్లలవి వేసుకోకూడదు. కానీ సరుకు డబ్బు, షికారు డబ్బు ఒకే జేబులో ఉంటే సాయంత్రానికి ఏది ఏదో తెలియదు. అందుకని శనివారం పొద్దున్నే ఆయన ఒక్కరే వెళ్ళి సరుకు చూసి, కొట్టు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపి, మూటలు ట్రాన్స్‌పోర్టులో వేయించి రావాలి. ఆ పూట మీరు పిల్లల్ని జూకి తీసుకెళ్ళండి.