ఆర్‌పీఎం మీటరు సరే, ఇన్సూరెన్సు ఏది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మొబైల్ షాపు ఉంది. నెలకు 30,000 వస్తాయి, ఇంటి ఖర్చు 24,000. నా 2009 డీజిల్ కారు బేస్ మోడల్, ఆర్‌పీఎం మీటరు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) లేదు. ఉంటే ఆర్.ఉదయగిరి ఘాట్‌లో గేరు ఎప్పుడు మార్చాలో తెలుస్తుందని ఆశ. పై మోడల్‌కి కంపెనీ ఇచ్చే మీటరు బోర్డు విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. వైరింగుతో 18,000. బ్యాంకులో 7,000 ఉన్నాయి. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. తీసుకోనా? కారు ఇన్సూరెన్సు అయిపోయి రెండు నెలలైంది, అది తర్వాత కడతాను.

జవాబు: తీసుకోవద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. అసలు కదలకుండానే నెలనెలా 540 పోతాయి. సోకుకి అప్పు, ఇన్సూరెన్సు మాత్రం ‘తర్వాత’! ఈ వరస చాలామందిలో చూస్తున్నాను, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

ఈ రెండు నెలల్లో పాతపట్నం ఎన్నిసార్లు వెళ్లొచ్చారో గానీ, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్సు) లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000. అది చిన్న సంగతి. మీ బండి కింద ఎవరైనా పడితే కోర్టు వేసే పరిహారం మీరే కట్టాలి. షాపు అమ్మినా చాలకపోవచ్చు. ఉన్న 7,000లోంచి ఈ రోజే థర్డ్ పార్టీ ఒక్కటైనా కట్టండి, అప్పటిదాకా బండి తీయకండి. 2009 బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ కూడా అయిపోయి ఉంటుంది. రెన్యూవల్ అయిందో లేదో ఆర్‌సీ తీసి చూడండి.

ఇక నా పాత పాట, విసుక్కోకండి: అత్యవసర నిధి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఏం చేసిందో నేను చెప్పాలా? అలాంటిదొచ్చి షాపు మూతపడితే 7,000తో ఇల్లు తొమ్మిది రోజులు కూడా గడవదు. షాపు మీద బతికేవాళ్లకి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మీకైతే 1,44,000. నెలకు మిగిలే 6,000 మొత్తం వేసినా రెండేళ్లు పడుతుంది. అసలు ఆ 6,000 ఎటు పోతున్నాయి? మీరు రాయలేదు. అవి నిజంగా మిగులుతుంటే మూడు నెలల్లో 18,000 అయ్యేవి, అప్పు మాటే వచ్చేది కాదు.

బ్యాంకు గోల్డ్ లోనుకి వడ్డీ తక్కువే గానీ దీనికి అదీ వద్దు. చీటీ పాడుకోవడమూ వద్దు.

మీటరు గురించి తెలిసిన మెకానిక్‌ని అడిగాను. పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ డీజిల్ ఇంజన్‌కి ఉండదు. అందుకే ఆ కాయిల్ సిగ్నల్‌తో నడిచే పెట్రోల్ కారు బోర్డు అంటగడితే ముల్లు సరిగా చూపించదట. పైగా ఆ బోర్డు తన కిలోమీటర్లు తనతోనే తెస్తుంది. లక్షన్నర తిరిగిన బండి 60,000 చూపిస్తే, అమ్మేటప్పుడు మీటరు తిప్పారనే అంటారు. ఘాట్‌లో గేరు సంగతి ఆ రెండేళ్లూ ఇంజన్ చప్పుడే చెబుతుంది. నిధి నిండాక కూడా మోజు తీరకపోతే, మీ ఇంజన్‌కి సరిపోయే బోర్డే చూసుకోండి. విప్పే ముందు పాత మీటరు రీడింగు ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచండి.