రెండు వరుసలు, రెండు రకాల నిరీక్షణ: అమెరికా వలస వీసా ఇంటర్వ్యూలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. మా దంపతుల కోసం వేసిన పిటిషన్లు ఆమోదం పొందాయి. ఫీజులు కట్టాం, కాగితాలన్నీ అప్‌లోడ్ చేశాం, అన్నీ సరిపోయాయని నేషనల్ వీసా సెంటర్ నుంచి మెయిల్ కూడా వచ్చింది. ఆ తరువాత నెలలు గడుస్తున్నా ఇంటర్వ్యూ పిలుపు లేదు. తల్లిదండ్రులకు కోటా ఉండదని అందరూ అంటున్నారు కదా, మరి ఈ ఆలస్యం దేనికి? విజిటర్ వీసాకు చేసుకున్నట్టు మేమే స్లాట్ బుక్ చేసుకునే వీలుందా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజమే. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన అమెరికా పౌరుల తల్లిదండ్రులకు సంవత్సరానికి ఇన్నే వీసాలు అన్న పరిమితి లేదు. అయితే వలస వీసాల్లో వరుసలు రెండున్నాయి. మొదటిది వీసా నంబరు కోసం, అంటే ఏటా ఇచ్చే పరిమిత వీసాల్లో మన వంతు కోసం; రెండవది ఇంటర్వ్యూ తేదీ కోసం. మొదటి వరుసలో మీరు నిలబడనక్కరలేదు గాని, రెండవది ఎవరికీ తప్పదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా కుటుంబాలు తమ కేసులో ఏదో లోపం జరిగిందని దిగులు పడుతుంటాయి.

న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న నేషనల్ వీసా సెంటర్ కాగితాలు పరిశీలిస్తుంది, కాన్సులేట్ ఇంటర్వ్యూ చేస్తుంది. రానున్న నెలలో ఎన్ని ఇంటర్వ్యూలు చేయగలదో కాన్సులేట్ తెలిపితే, ఆ మేరకు కాగితాలు పూర్తయిన క్రమంలో సెంటరు తేదీలు కేటాయిస్తుంది. కాబట్టి విజిటర్ వీసాలో మాదిరిగా మీ అంతట మీరు తేదీ ఎంచుకునే వీలు ఇందులో లేదు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో వలస వీసా ఇంటర్వ్యూలు జరగవు కనుక మన రెండు రాష్ట్రాల కుటుంబాలు సాధారణంగా ముంబయిలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కు వెళ్లవలసి ఉంటుంది. దేశంలోని ఇతర రాష్ట్రాల వారు కూడా అక్కడికే వస్తారు గనుక అక్కడి రద్దీ ఎప్పుడూ ఎక్కువే.

కోవిడ్ కారణంగా 2020 మార్చిలో మామూలు వీసా సేవలు నిలిచిపోవడంతో ఈ వరుస ఒక్కసారిగా పెరిగిపోయింది. ప్రపంచవ్యాప్తంగా కాగితాలు పూర్తయి ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూస్తున్నవారు 2019లో నెలకు సగటున సుమారు 61 వేల మంది ఉండగా, 2022 ఆరంభానికి ఆ సంఖ్య 4 లక్షలు దాటింది. ఇప్పుడు ఏ కాన్సులేట్ ఏ నెలలో పూర్తయిన కేసులను పిలుస్తోందో అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అక్కడ ముంబయి ఎదుట కనిపించే నెలను మీకు మెయిల్ వచ్చిన నెలతో పోల్చి చూడండి. బంధువుల అనుభవాలతో పోల్చుకోవడం కంటే అది ఎంతో నమ్మదగిన లెక్క.

ఇంకా అప్‌లోడ్ దశలోనే ఉన్న పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. మీ స్థానం లెక్కకు వచ్చేది పిటిషన్ వేసిన రోజు నుంచి కాదు, చివరి కాగితం కూడా ఆమోదం పొందిన రోజు నుంచి. ఒక్క పత్రం తిరిగి వచ్చినా ఆ మేరకు వెనుకబడిపోతారు. మన ఇళ్లలో సాధారణంగా తిరిగి వచ్చేవి తల్లి కాగితాలు. ఆమె పదవ తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది, కొడుకు జనన ధ్రువపత్రంలో ఇంటిపేరే ఉండదు. ఇవన్నీ ఒక్కరివేనని తెలిపే వివాహ ధ్రువపత్రాన్ని, ప్రమాణపత్రాన్ని ముందే జతచేయండి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు ఇళ్లలో పుట్టినవారిలో చాలామందికి జనన ధ్రువపత్రమే ఉండదు. అటువంటివారు రికార్డు లభ్యం కాదని మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే పత్రాన్ని, దానికి తోడు బడి సర్టిఫికెట్‌ను, పుట్టుక గురించి ఎరిగిన పెద్దల ప్రమాణపత్రాలను ఇవ్వాలి.

మీరు ఈ నిరీక్షణలో చేయవలసిన పని, పిలుపు వచ్చేనాటికి ఏ కాగితమూ గడువు దాటకుండా చూసుకోవడం. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ రెండేళ్లు దాటితే కొత్తది తీసుకోవాలి. పదహారేళ్లు నిండిన తరువాత మీవారు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఏడాది లేదా అంతకు మించి ఉండి ఉంటే ఆ దేశపు పోలీసు సర్టిఫికెట్ కూడా అడుగుతారు, దానికి సమయం పడుతుంది గనుక ఇప్పుడే మొదలుపెట్టండి. మీ అబ్బాయి తాజా పన్ను రిటర్నును సిద్ధంగా ఉంచాలి. వైద్య పరీక్షలు మాత్రం ముందే చేయించుకోకండి. వాటి నివేదిక సాధారణంగా ఆరు నెలలే చెల్లుతుంది, వీసా గడువు కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: మా అక్కయ్య 2009లో నా కోసం పిటిషన్ వేసింది, అది ఆమోదం పొందింది. ఇంతవరకు ఇంటర్వ్యూ రాలేదు. మా అమ్మాయికి త్వరలో ఇరవై ఒకటి నిండుతుంది. ఆలస్యం వాళ్లది కాబట్టి అమ్మాయి వయసు లెక్కలోకి రాదంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ కేసులో ఆలస్యం ఇంటర్వ్యూ దగ్గర లేదు. మీరింకా మొదటి వరుసలోనే ఉన్నారు. తోబుట్టువుల విభాగానికి ప్రపంచం మొత్తానికి ఏటా 65 వేల వీసాలే ఉన్నాయి, పైగా ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది. ఏ తేదీకి ముందు వేసిన పిటిషన్ల వంతు వచ్చిందో ప్రతి నెలా వెలువడే వీసా బులెటిన్ చెబుతుంది. అందులో భారతదేశానికి ఈ విభాగపు తేదీ 2023 చివరలో 2005లో ఉండగా, 2025 చివరకు 2006 వరకే వచ్చింది. మీ 2009 దరఖాస్తు వంతు రావడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

అమ్మాయి విషయంలో మీకు చెప్పిన మాట సగమే నిజం. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం (చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్) ప్రకారం, మీ వంతు వచ్చిన రోజున ఆమెకు ఉన్న వయసులోంచి, పిటిషన్ ఇమిగ్రేషన్ శాఖ దగ్గర పరిశీలనలో ఉన్న కాలాన్ని తీసివేస్తారు. వేసిన రోజు నుంచి ఆమోదం పొందిన రోజు వరకు మాత్రమే ఆ కాలం. ఆమోదం తరువాత వీసా నంబరు కోసం ఎదురుచూసిన సంవత్సరాలు అందులోకి రావు. ఆ పరిశీలన మూడేళ్లు పట్టిందనుకుందాం, మీ వంతు వచ్చేనాటికి ఆమెకు ఇరవై నాలుగు లోపు ఉండాలి, అవివాహితగా ఉండాలి, ఏడాదిలోపు ఫారం నింపడమో ఫీజు కట్టడమో చేసి ఉండాలి. ఆమోద పత్రం మీద ఉన్న రెండు తేదీలనూ చూసి ఈ లెక్క వేసుకోండి. పరిశీలన చాలా ఏళ్లు సాగి ఉంటే తప్ప ఆమె మీతోపాటు వెళ్లే అవకాశం తక్కువ. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. అయినా ఈ వీసా కోసం ఆమె చదువునూ పెళ్లినీ ఆపి ఉంచడం ఆమెకు అన్యాయం చేయడమే అవుతుందని నా అభిప్రాయం.

మరొక సంగతి. ఇంత దీర్ఘకాలంలో పిటిషన్ వేసిన తోబుట్టువు మరణిస్తే ఆ పిటిషన్ దానంతటదే రద్దవుతుంది. మానవతా కారణాలపై పునరుద్ధరించమని కోరవచ్చు గాని, అది అధికారుల విచక్షణకు లోబడి ఉంటుంది. చిరునామా, మెయిల్ మారితే నేషనల్ వీసా సెంటర్‌కు తెలియజేయండి. నంబరు అందుబాటులోకి వచ్చిందన్న నోటీసు తరువాత ఏడాదిపాటు మీ వైపు నుంచి ఏ స్పందనా లేకపోతే కేసు మూసివేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నా భర్త అమెరికా పౌరుడు, డల్లాస్‌లో ఉంటారు. ఆయనకు గుండె శస్త్రచికిత్స చేయాలన్నారు, అక్కడ తోడు ఎవరూ లేరు. నా కాగితాలన్నీ ఆమోదం పొందాయి. ఇంటర్వ్యూ త్వరగా ఇమ్మని అడగవచ్చా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా అడగండి, ఇటువంటి సందర్భాల కోసమే ఆ వెసులుబాటు ఉంది. కేసు ఇంకా నేషనల్ వీసా సెంటర్‌లోనే ఉంటే మీ విన్నపాన్ని అక్కడికే పంపాలి. వారు దానిని కాన్సులేట్‌కు పంపుతారు, నిర్ణయం కాన్సులేట్‌ది. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద వైద్యుడు సంతకం చేసిన ఉత్తరం దీనికి ప్రాణం వంటిది. అందులో జబ్బు ఏమిటో, శస్త్రచికిత్స ఎప్పుడో, ఆ తరువాత ఎంతకాలం ఎటువంటి సంరక్షణ అవసరమో, దానిని భార్యే ఎందుకు చూడవలసి ఉందో స్పష్టంగా ఉండాలి. ఆరోగ్యం బాగాలేదని మాత్రమే రాసిన ఉత్తరం పెద్దగా ఉపయోగపడదు. మీవారు తమ నియోజకవర్గపు కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయాన్ని కూడా ఆశ్రయించవచ్చు. అక్కడి నుంచి వెళ్లే విచారణతో అనుమతి వచ్చి తీరుతుందని చెప్పలేం గాని, విన్నపం ఎవరి బల్ల మీద ఆగిందో తెలుస్తుంది.

ఈ మార్గం రెండవ వరుసలో ఉన్నవారికే పనికివస్తుంది. వీసా నంబరు ఇంకా రానివారిని ఏ అత్యవసరం కింద కూడా ముందుకు పిలవడానికి చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: ఎన్‌వీసీలో (నేషనల్ వీసా సెంటర్‌లో) తెలిసినవాళ్లున్నారని, డబ్బిస్తే ముంబయి తేదీ ముందుకు జరిపిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నమ్మకండి, పైసా కూడా ఇవ్వకండి. డబ్బు తీసుకుని తేదీ మార్చే సేవ ఎక్కడా లేదు. కుటుంబ వీసాకు కట్టవలసినవి దరఖాస్తు ఫీజు ఒక్కొక్కరికి 325 డాలర్లు, స్పాన్సర్ హామీపత్రం పరిశీలనకు 120 డాలర్లు. ఈ రెండూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టాలి. ఇవి కాక ఇంటర్వ్యూకు ముందు వైద్య పరీక్షలకు డాక్టరు ఫీజు, వీసా వచ్చిన తరువాత గ్రీన్‌కార్డు కోసం ఇమిగ్రేషన్ శాఖకు 235 డాలర్లు ఉంటాయి. మీ కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు ఆ మనిషికి ఇప్పటికే ఇచ్చి ఉంటే, వాటితో మీ కేసు తెరిచి చూడగలడు గనుక, ఖాతాలో మెయిల్ చిరునామా మీదే ఉందో లేదో ఈరోజే చూసుకోండి. మారి ఉంటే మీ స్పాన్సర్ చేత వెంటనే నేషనల్ వీసా సెంటర్‌కు రాయించండి. ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చేది ఆ మెయిల్‌కే.