బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అందంగా రావాలంటే ఎలాంటి లెన్స్ ఎంచుకోవాలి?

మీ దగ్గర కెనాన్ క్రాప్ సెన్సార్ కెమెరా (అంటే కాస్త చిన్న సెన్సార్ ఉన్నది), 18–55, 55–250 ఎంఎం జూమ్ లెన్స్‌లు ఉన్నాయని, మాఘమాసంలో జరిగే మీ చెల్లెలి పెళ్లిలో ఇంటివాళ్ల ఫొటోలను వెనక అంతా మెత్తగా మసకబారేలా తీయాలని ఉందని రాశారు. 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోవాలా, 85 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోవాలా, లేక ఇంకొంత డబ్బు కూడబెట్టి 50 ఎంఎం ఎఫ్/1.4 కొనాలా అన్నది మీ ప్రశ్న. నేను వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్‌ను కాను గానీ, పన్నెండేళ్లుగా బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు, కార్తీకమాసంలో రాజమహేంద్రవరం గోదావరి ఘాట్లలో ఫొటోలు తీస్తున్నాను. లెన్స్ ఎంపికలో తప్పులు చేసి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పెళ్లి ఆరుబయట పందిట్లో అయితే 85 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోండి, ఇంట్లో గదుల్లోనే ఎక్కువ ఫొటోలు తీయవలసి వస్తే 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోండి. ఎఫ్/1.4 కోసం ఆగవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఏది కొన్నా, ముందుగా మీ చేతిలో ఉన్న 55–250తో ఒక వారం పాటు ఫొటోలు తీసి చూడండి. ఎందుకో కింద రాస్తాను.

చాలామంది ఎఫ్ నంబర్ (ఎఫ్/ తరువాత ఉండే అంకె) ఒక్కటే చూసి లెన్స్ కొంటారు. మసక ఎంత వస్తుందన్నది నిజానికి లెన్స్ ముందువైపు నుంచి చూస్తే లోపల కనిపించే రంధ్రం ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్స్ పేరులోని ఎంఎం అంకెను, ఎఫ్ నంబర్‌తో భాగిస్తే ఆ రంధ్రం వ్యాసం వస్తుంది. మీ 18–55 లెన్స్‌ను 55 దగ్గర ఎఫ్/5.6లో పెడితే అది సుమారు 10 మిల్లీమీటర్లు. 50 ఎంఎం ఎఫ్/1.8కి 28, 50 ఎంఎం ఎఫ్/1.4కి 36, 85 ఎంఎం ఎఫ్/1.8కి 47 మిల్లీమీటర్లు. ఈ అంకెలు ఫొటోలో ఎలా కనిపిస్తాయో ఊహించుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. మీరు ఒక మనిషి మీద ఫోకస్ చేసినప్పుడు, ఎక్కడో చాలా దూరంలో వెలుగుతున్న ఒక చిన్న దీపం, ఆ మనిషి చెంప పక్కన సరిగ్గా ఆ రంధ్రమంత వ్యాసం ఉన్న వెలుగు బిళ్లను పట్టుకున్నట్టుగా ఫొటోలో పడుతుంది. 18–55తో ఆ బిళ్ల చొక్కా గుండీ అంత ఉంటుంది, 50 ఎంఎం ఎఫ్/1.8తో పది రూపాయల నాణెమంత ఉంటుంది, 85 ఎంఎంతో చిన్నపిల్లల గాజంత ఉంటుంది. కెమెరా సెన్సార్ చిన్నదైనా పెద్దదైనా ముఖం పక్కన ఈ కొలత మారదు, మీరు నిలబడవలసిన దూరం మాత్రమే మారుతుంది. 50 ఎంఎం ఎఫ్/1.4 కన్నా 85 ఎంఎం ఎఫ్/1.8 ఎక్కువ మసక ఇస్తుందని ఈ లెక్కతోనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ 55–250ని 250 దగ్గర ఎఫ్/5.6లో లెక్క వేయండి. 45 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే 85 ఎంఎం ఎఫ్/1.8కి దాదాపు సమానం. అందుకే ముందు దానితో తీసి చూడమన్నాను. అయితే ఈ సమానత్వం వెనక దృశ్యం బాగా దూరంగా ఉన్నప్పుడే నిలుస్తుంది. నడుము నుంచి తల వరకు ఒక మనిషిని నిలువు ఫొటోలో పట్టించాలంటే మీ కెమెరాతో 250 ఎంఎం దగ్గర సుమారు పది మీటర్ల దూరంలో నిలబడాలి, 85 ఎంఎంతో మూడున్నర మీటర్లు, 50 ఎంఎంతో రెండు మీటర్లు చాలు. మనిషికి మూడు మీటర్ల వెనకే గోడ ఉందనుకుందాం. అప్పుడు 250తో ఆ 45 మిల్లీమీటర్ల బిళ్ల కాస్తా 10 మిల్లీమీటర్లకు పడిపోతుంది, 85తో మాత్రం 22 నిలుస్తుంది, 50 ఎంఎం ఎఫ్/1.8తో 17 దాకా వస్తుంది. అదే వెనక ముప్ఫై మీటర్ల ఖాళీ ఉంటే 250తో 33, 85తో 42, 50తో 26 వస్తాయి. కాబట్టి పొలం గట్టు మీదో, చెరువు గట్టు మీదో పెళ్లికి ముందు తీసే ఫొటోలకు మీ పాత జూమ్ చక్కగా పనికొస్తుంది. వెనకే గోడ, కుర్చీల వరసలు, జనం ఉండే ఫంక్షన్ హాల్లో దాని బలం చాలదు, పైగా ఆ మసక వెలుతురులో ఎఫ్/5.6తో చేతిలో పట్టుకుని తీయడం కష్టం.

ఇంతవరకు చెప్పింది మసక ఎంత వస్తుందన్న సంగతి. మసక ఎలా ఉంటుందన్నది వేరే సంగతి, నేను దెబ్బతిన్నది అక్కడే.

నేను మొదట కొన్నది ఒక పాతకాలపు చవక 50 ఎంఎం లెన్స్. ఆ ఏడాది కార్తీక పౌర్ణమి నాడు మా అమ్మ ఘాట్ మెట్ల మీద కూర్చుని 365 వత్తులు వెలిగిస్తోంది. ఆమె వెనక నీళ్ల మీద అరటి దొప్పల్లో దీపాలు వరసగా కదిలిపోతున్నాయి. ఎఫ్/1.8లో ముఖం కాస్త మెత్తగా వస్తోందని, రంధ్రాన్ని ఎఫ్/2.8కి తగ్గించి పది పన్నెండు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే అమ్మ ముఖం చక్కగా ఉంది గానీ, వెనకున్న ప్రతి దీపమూ ఐదు మూలలతో, గీత గీసినట్టున్న అంచులతో పలకలా కనిపించింది. ఆ లెన్స్‌లో అపర్చర్ బ్లేడ్లు, అంటే రంధ్రాన్ని చిన్నది చేసే రేకులు, ఐదే, అవీ తిన్ననివి. పూర్తిగా తెరిచినప్పుడు బ్లేడ్లు అడ్డురావు కాబట్టి బిళ్లలు గుండ్రంగానే వస్తాయి, కొద్దిగా మూయగానే బ్లేడ్ల ఆకారం దీపాల మీద అచ్చు పడుతుంది. అమ్మ ముఖంలో ఆ వెలుగు మళ్లీ అలా దొరకలేదు. అందుకే లెన్స్ వివరాల్లో బ్లేడ్ల సంఖ్యను, అవి వంపు తిరిగినవా తిన్ననివా అన్న దాన్ని తప్పకుండా చూడమంటాను. కెనాన్ 2015లో తెచ్చిన 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎంలో ఏడు వంపు బ్లేడ్లున్నాయి, ఎఫ్/2.8 దగ్గర కూడా దీపాలు దాదాపు గుండ్రంగానే ఉంటాయి. అదే సంస్థ 85 ఎంఎం ఎఫ్/1.8 యూఎస్‌ఎం 1992 నాటిది, దానిలో ఎనిమిది బ్లేడ్లు.

ఆకారం తరువాత చూడవలసింది బిళ్ల అంచు. బిళ్ల మధ్యలో పలచగా ఉండి అంచున తెల్లటి వలయం కట్టినట్టుంటే ఆ మసక కంటికి గుచ్చుకుంటుంది, ఎందుకంటే అలాంటి వందల వలయాలు ఒకదాని మీద ఒకటి పడి నేపథ్యంలో కొత్త గీతలను పుట్టిస్తాయి. అంచుల వైపు వెలుగు క్రమంగా తగ్గుతూ పోతే బిళ్లలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నీళ్లలో రంగు కలిపినట్టుగా ఉంటుంది. దీనికి మూలం భౌతికశాస్త్ర పుస్తకాల్లో గోళీయ విపథనం అని చెప్పేది. లెన్స్ అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలవవు. లెన్స్ తయారుచేసేవారు ఈ లోపాన్ని కాస్త మిగిల్చితే వెనక మసక మెత్తగా, ముందు మసక గరుకుగా వస్తుంది, అవసరానికి మించి సరిదిద్దితే ఇది తిరగబడుతుంది. నికాన్ 1990లో తెచ్చిన 135 ఎంఎం ఎఫ్/2 డీసీ లెన్స్‌లో ఈ లోపాన్ని మనమే అటూ ఇటూ తిప్పుకొనేందుకు ఒక ప్రత్యేకమైన రింగు పెట్టారు. మినోల్టా 1999లో 135 ఎంఎం ఎస్‌టీఎఫ్ లెన్స్‌లో ఇంకో దారి తొక్కింది, అంచులకు పోనుపోను నల్లబడే ఒక గాజును లోపల అమర్చి, బిళ్ల అంచే కనిపించకుండా చేసింది. అందుకు మూల్యంగా ఎఫ్/2.8 లెన్స్ వెలుతురు విషయంలో 4.5కి పడిపోయింది. మసక నాణ్యత కోసం ఇంత పోగొట్టుకోవడానికి ఒక సంస్థ సిద్ధపడిందంటే ఆ నాణ్యత ఎఫ్ నంబర్‌లో కనిపించేది కాదని అర్థమవుతుంది. దీనికి వాడే బోకే అన్న మాట కూడా జపాన్ వాళ్లదే. పూలగుత్తికి మనం అనే బొకేతో దానికి సంబంధం లేదు.

దుకాణంలో దీన్ని పరీక్షించడానికి నేను చేసే పని చెబుతాను. ఫోన్ టార్చ్ మీద వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చుట్టి, గుండుసూదితో చిన్న బెజ్జం పెట్టి, నాలుగైదు మీటర్ల దూరంలో పెడతాను. లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో దగ్గరకు తిప్పితే ఆ చుక్క పెద్ద బిళ్ల అవుతుంది. దానికి ఒక ఫొటో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి అంచు ఎలా ఉందో, లోపల ఉల్లిపాయ కోసినట్టు వలయాలున్నాయో లేదో చూస్తాను. ఆ వలయాలు కొన్ని లెన్స్‌లలో ఉండే యాస్ఫెరికల్ (గోళాకారపు వంపు లేని) గాజు ఉపరితలం మీది సన్నని గీతల వల్ల వస్తాయి, మన పెళ్లిళ్లలో సీరియల్ లైట్లు వెనకుంటే స్పష్టంగా బయటపడతాయి. తరువాత కెమెరాను జరిపి అదే చుక్కను ఫ్రేమ్ మూలకు తెచ్చి మరో ఫొటో తీస్తాను. ఎఫ్/1.8లో మూలన ఉన్న బిళ్ల గుండ్రంగా ఉండక పిల్లి కన్నులా సాగుతుంది. లెన్స్‌ను చేత్తో పట్టుకుని కిటికీ వైపు పెట్టి కొద్దిగా వంచి చూస్తే కారణం కళ్లకే కనిపిస్తుంది, గొట్టం అంచు రంధ్రానికి అడ్డొచ్చి నిండు చందమామ కాస్తా బాదం పప్పు ఆకారానికి వస్తుంది. ఇది ఎంత ఖరీదైన లెన్స్‌లోనైనా కొంత ఉండేదే, ఎఫ్/2.5 దాకా తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఎంత మంచి లెన్స్ అయినా వెనక ఏముందన్న దానికి లోబడే ఉంటుంది. కొబ్బరాకుల పందిరి మసకకు పెద్ద శత్రువు. ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంటుంది, సన్నని ఈనె ఒక్కొక్కటీ రెండు గీతలుగా చీలిపోయి కనిపిస్తుంది. మనిషి ఆ ఆకులకు దగ్గరగా ఉంటే 85 ఎంఎం కూడా దాన్ని కరిగించలేదు. నా స్నేహితుడి దగ్గర సోవియట్ కాలపు హీలియోస్ 44–2 అనే 58 ఎంఎం లెన్స్ ఉంది. వేపచెట్టు ముందు నిలబెట్టి తీస్తే ఆకులన్నీ మనిషి చుట్టూ సుడి తిరిగినట్టు వస్తాయి, ఒకటి రెండు ఫొటోలకు అది అద్భుతంగా ఉంటుంది గానీ, ఆల్బమ్ మొత్తం అలా ఉంటే కళ్లు తిరుగుతాయి. మీరు మనిషిని పందిరి స్తంభం నుంచి నాలుగడుగులు ముందుకు జరిపి, వెనక నీడగా ఉన్న చోటు చూసుకుంటే, లెన్స్ మార్చినంత తేడా అప్పటికప్పుడు కనిపిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. మా పిన్ని కూతురి నిశ్చితార్థంలో 85 ఎంఎంను ఆసాంతం ఎఫ్/1.8లోనే ఉంచాను. ముఖం నిండుగా వచ్చేలా రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే మీ కెమెరాతో స్పష్టంగా ఉండే లోతు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. పిల్ల కాస్త పక్కకు తిరిగి కూర్చుంది, దగ్గరి కన్ను రెప్ప వెంట్రుకలతో సహా కనిపిస్తోంది, రెండో కన్ను మసక, పక్కన ఒక అడుగు వెనక కూర్చున్న పెళ్లికొడుకు ఎవరో గుర్తుపట్టలేనంత మసక. మా పిన్ని ఆ ఫొటో చూసి అబ్బాయి ఏడిరా అని అడిగింది. ఆ రోజు నుంచి ఒక్క మనిషి ఉంటే ఎఫ్/2.2, ఇద్దరుంటే ఎఫ్/4, అది కూడా ఇద్దరినీ కెమెరాకు సమాన దూరంలో కూర్చోబెట్టి తీస్తున్నాను. తెల్ల పంచె అంచుల్లో, మల్లెపూలలో వెనకవైపు ఆకుపచ్చగా, ముందువైపు గులాబీ రంగుగా కనిపించే చారలు కూడా అలా తగ్గిస్తే బాగా తగ్గుతాయి.

ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ సరిపోదా అని మీరు చివర్లో అడిగారు. అది వెనక ఏది ఎంత దూరంలో ఉందో అంచనా కట్టి ఆ మేరకు చెరిపే పద్ధతి. జడలో కనకాంబరాలు, చెవి పక్క వేలాడే ముత్యాలు, చెదిరిన వెంట్రుకలు ఉన్నచోట ఆ అంచనా ఎక్కువగా తప్పుతుంది, పెళ్లికూతురి అలంకారమంతా ఉండేది అక్కడే.

తలంబ్రాల సమయానికి మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి. వెనక మసకను మెత్తగా ఇచ్చే లెన్స్ ముందు మసకను గరుకుగా ఇస్తుందని పైన రాశాను. కెమెరాకూ మనుషులకూ మధ్య ఎగిరే బియ్యపు గింజలు ఎఫ్/1.8లో పెద్ద పెద్ద పసుపు మచ్చలై ముఖాలను కప్పేస్తాయి. ఆ కొద్ది నిమిషాలు ఎఫ్/4కి తగ్గించి, షటర్ వేగాన్ని సెకనులో 500వ వంతుకు పెంచి, మండపానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడండి. అప్పుడు గింజలు గింజలుగానే కనిపిస్తాయి, మండపం వెనక వేలాడే సీరియల్ లైట్లు మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే చాలు, మీ 85 ఎంఎం వాటిని చిన్న చిన్న బిళ్లలుగా మారుస్తుంది.